దొర వీపుకు ఎర్రమన్ను

దొర అట్లా గోడకు ఆనుకున్నాడో లేదో, తెల్లంగి వీపంతా ఎర్రమన్నయింది.

"అయ్యో దొరా, ఇంకా పచ్చి ఆరలే!" ఆ ఇంటి ఇల్లాలు నర్సింగమ్మ నాలుక కరుచుకుంది.

కోస్గి చుట్టుపక్కల చలిజ్వరాన్ని తరిమేయడానికి దేశాలు దాటి వచ్చిన పెద్ద డాక్టరు ఆయన. దోమలు చావాలని పోయిన వారమే ఇంటింటి గోడలకూ డీడీటీ కొట్టించాడు. ఇప్పుడా మందంతా అలుకు కింద ఉంది.

దొర ఇంగ్లీషులో గట్టిగా ఏదో అడిగాడు. వెంట వచ్చిన ఇన్‌స్పెక్టర్ గాలయ్య చెమట తుడుచుకున్నాడు.

"మందు మీద మన్నెందుకు పూసినవని అడుగుతాండ్రు."

"గదేంది సారూ! దొర వస్తాండు, ఇండ్లు అద్దం లెక్క ఉండాలెనని డప్పు కొట్టిచ్చింది నువ్వే గద! ఊరంత అలుకుకున్నం. గదే చెప్పు."

గాలయ్య రెండే ముక్కలు చెప్పాడు. దొర ఇంకా తనవైపే గుర్రుగా చూస్తుంటే, ఆ రెండు ముక్కల్లో డప్పు లేదని నర్సింగమ్మకు అర్థమైపోయింది.

చేట అందుకుంది. డప్పులా దడదడ వాయించి, గాలయ్యను వేలితో చూపింది. దొరను చూపింది. గోడ అలికినట్టు చెయ్యి ఆడించింది.

దొర వీపు తడుముకున్నాడు. ఎర్రబడ్డ అరచేతిని చూసుకుని పకపకా నవ్వి ఏదో అన్నాడు.

"ఏమంటాండు?"

గాలయ్య నీళ్లు నమిలాడు. "మందును చెడగొట్టింది తన రాకనేనట. మళ్ల కొట్టిస్తరట. ఈసారి చెప్పకుండ వస్తరట."

"రమ్మను. ఇల్లు గలీజుగున్నదని మాత్రం నన్ననొద్దు. గీ మాటన్న పూరాగ చెప్పు సారూ," అంటూ నర్సింగమ్మ మళ్లీ చేట అందుకుంది.