ఊట దగ్గర సొట్టల బిందె

పసిదానికి పాలు కలపడానికి ఇంట్లో చుక్క నీళ్లు లేకపోయేసరికి, దర్జీ రెండు డబ్బాలు సైకిలుకి కట్టుకుని ఆ చీకట్లోనే రోడ్డు పక్క ఊటకు వచ్చాడు. గొట్టంలోంచి దారం పోగంత ధార. డబ్బా నిండాలంటే అరగంట. అందుకే అక్కడో పద్ధతి ఉంది: ముందున్నవాళ్లు తమది నిండగానే వెనకవాళ్లది ధార కింద పెట్టి మరీ వెళ్లాలి.

ఆ రాత్రి ముందూ వెనకా ఎవరూ లేరు. మొదటి డబ్బా ధార కింద పెట్టి గట్టు మీద కూర్చున్నాడు. పగలంతా మిషను తొక్కిన ఒళ్లు; ఇట్టే కునుకు పట్టింది.

మెలకువ వచ్చేసరికి మొదటి డబ్బా నిండి, మూత బిగించి, పక్కన ఉంది. రెండోది ధార కింద అంచుదాకా నిండింది. దాని వెనకాల, వరుసలో, ఒక సొట్టల బిందె.

చుట్టూ చూశాడు, మనిషి అలికిడి లేదు. అయినా మేలు మేలే.

"ఎవరోగానీ, చల్లగా ఉండండి," అన్నాడు చీకట్లోకి. పద్ధతి ప్రకారం బిందెను ధార కింద పెట్టాడు. అడుగున టపటపమని చప్పుడు మొదలైంది. డబ్బాలు కట్టుకున్నంతసేపూ అది ఖాళీ బిందె చప్పుడుగానే ఉంది. సైకిలెక్కగానే ఆగిపోయింది, ఎవరో దోసిలి పట్టినట్టు. తర్వాత గుటకలు వినిపించాయి.

అతను వెనక్కి చూడలేదు. "మెల్లగా తాగండి, పొలమారుతుంది," అని మాత్రం అన్నాడు.

ఇంట్లో పాప పాలు తాగి నిద్రపోయాక, తనూ గ్లాసెడు నీళ్లు ఎత్తాడు. మొదటి గుక్కకే పొలమారింది.

భార్య నెత్తిమీద తట్టింది. "ఎవరో తలుచుకుంటున్నారండీ."