ఇరవై అయిదు దాటదు

"వేదా, మీ అమ్మతో చెప్పు. ఆ బండి తాళం ఇక వాడి చేతికిచ్చేది లేదు!"

అనంతకృష్ణ అరిచిన అరుపు భవానీపురంలో ఆ వీధి వీధంతా విని ఉంటుంది. 'మీ అమ్మ' బాలసరస్వతి సరిగ్గా మూడడుగుల దూరంలో, వంటింటి గుమ్మంలోనే ఉంది. అయినా మధ్యలో కూతురుండాల్సిందే. మొగుడూ పెళ్ళాలకి మాటల్లేక అప్పటికి రెండ్రోజులు.

"వేదా, మీ నాన్నగారితో చెప్పు. అడిగిందే తడవుగా వాడికి బండి కొనిచ్చింది నేను కాదని."

ఇంటర్ చదువుతున్న వేదశ్రీ ఫిజిక్సు పుస్తకంలోంచి తలెత్తి, "ఇద్దరూ విన్నారుగా!" అని మళ్ళీ తల దించుకుంది.

కొన్నప్పుడు షాపువాడు చెప్పింది అబద్ధమేం కాదు. కరెంటు బండి, లైసెన్సు అక్కర్లేదు, నంబరు ప్లేటు అక్కర్లేదు, ఇరవై అయిదు దాటదు. దాటించింది సుపుత్రుడు జయదేవ్. ఆటోనగర్ తీసుకెళ్ళి స్పీడు లాకు తీయించాడు. మొన్న అనంతకృష్ణ సిటీ బస్సులో వస్తుంటే ఒక బండి ఆ బస్సునే దాటేసి దూసుకుపోయింది. దాని మీదున్నది తన కొడుకేనని పోల్చుకునేసరికి ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. పోయిన వారమే పక్క వీధి సంపూర్ణమ్మగారిని ఇలాంటి బండే గుద్దేసింది. వెనక వస్తున్న చప్పుడే వినపడలేదట పాపం. నంబరు లేదు, పట్టుకునే దారీ లేదు. తుంటి విరిగి ఆవిడ మంచం మీదుంది.

ఆ సాయంత్రమే అనంతకృష్ణ ఆటోనగర్ మెకానిక్ అంతోనికి ఫోను కలిపి స్పీకరు ఆన్ చేశాడు. పిల్లలిద్దరూ ఇంట్లో లేరు.

"ఆ లాకు మళ్ళీ బిగించాలయ్యా. ఎప్పుడు తీసుకురమ్మంటావ్?"

"బిగించే పనేం లేదండి. కాళ్ళు పెట్టుకునే మ్యాట్ కింద ఎర్ర బటనుంటదండి. పోలీసులు ఆపితే గబుక్కున నొక్కుకోడానికి పెట్టామండి. ఒకసారి నొక్కితే లాకు పడిపోద్ది, ఇంకోసారి నొక్కితే లేచిపోద్ది. లైటూ రాదు, చప్పుడూ రాదు. ఎవరికీ తెలవదండి."

"చెప్పడానికి సిగ్గులేదటయ్యా నీకు?"

"మీ అబ్బాయే అడిగాడండి," అని ఫోను పెట్టేశాడు అంతోని.

వంటింట్లో గిన్నెల చప్పుడు కాసేపు ఆగి మళ్ళీ మొదలైంది.

మర్నాడు పొద్దున అయిదింటికే అనంతకృష్ణ దొంగలా కిందికి దిగాడు. మ్యాట్ ఎత్తి బటన్ నొక్కాడు. అంతటితో ఊరుకునే మనిషి కాదు. బండెక్కి సందు చివరిదాకా యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి మరీ చూశాడు. స్పీడు ముల్లు ఇరవై అయిదు దగ్గర ఆగిపోయింది. హమ్మయ్య! రెండ్రోజుల తర్వాత ఊపిరి సరిగ్గా ఆడింది ఆయనకి.

ఈ సంగతి పెళ్ళానికి చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ ముందు తను మాట్లాడితే తగ్గినట్టు కాదూ? పోనీ వేదతో చెప్పిద్దామంటే అది వెళ్ళి అన్నతో చెప్పేస్తుంది. ఎవరికీ చెప్పకుండా పేపరు పట్టుకు కూర్చున్నాడు.

ఏడూ నలభైకి, అద్దం ముందు సగం గీసిన గడ్డంతో ఉండగా వేదశ్రీ ఏడుపు మొహంతో వచ్చింది.

"నాన్నా, ఆటో అంకుల్ రాలేదు. ఎనిమిదింటికి టెస్టు. గేటు మూసేస్తారు. అన్నయ్యని లేపనా, దింపుతాడు?"

"వాడి చేతికి తాళం ఇచ్చే ప్రసక్తే లేదు. నువ్వే తోలుకుంటూ వెళ్ళు."

"నేనా? మన సందులో తప్ప ఎప్పుడూ తోల్లేదు కదా! హైవే మీద లారీలుంటాయి, నాకు భయం."

అనంతకృష్ణకీ భయమే. కానీ పొద్దున తన కళ్ళతో చూసిన స్పీడు ముల్లు గుర్తొచ్చింది.

"పిచ్చిదానా, యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పినా ఇరవై అయిదు దాటదు. నేను చూశాగా! సందు దాటేదాకా మెల్లిగా పో. హైవే ఎక్కాక పూర్తిగా తిప్పేసెయ్. టైముకి చేరిపోతావ్."

గుమ్మంలో నిలబడి బాలసరస్వతి అంతా విన్నది. కూతురు తుమ్మితేనే గుమ్మం దాటనివ్వని మనిషి, ఒక్క ముక్కా అనలేదు. పైగా హెల్మెట్ తెచ్చి పిల్ల నెత్తిన పెట్టి బెల్టు బిగించింది. కోపం ఇంకా తగ్గలేదు కాబోలు, అందుకే మాట్లాడటం లేదనుకున్నాడాయన.

మొహానికి నురగతోనే బాల్కనీలోకి వచ్చి చూశాడు. కాలేజీలో ఫోన్లు తేనివ్వరని పిల్ల ఫోను టీవీ పక్కనే పెట్టిపోయింది. సందులో ఆటో అడ్డొచ్చి ఒకసారి, ఆవు అడ్డొచ్చి ఒకసారి బ్రేకు వేసుకుంటూ నత్తలా వెళ్ళింది. మలుపు తిరిగి హైవే ఎక్కింది. ఇక కనపడలేదు.

అయినా లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు ఆయనకి. లారీలు లారీలే కదా! రెయిలింగ్ వదలకుండా అక్కడే నిలబడిపోయాడు.

వెనక గాజుల చప్పుడు. బాలసరస్వతి కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చింది. రెండ్రోజులుగా వేద చేత పంపిస్తున్న కాఫీ ఇవాళ తనే తెచ్చింది. ఆయన చేతికిచ్చి, మొహం మీది నురగ కొంగుతో తుడిచింది.

"ఏమండీ," అంది మెల్లిగా, "దిగులు పెట్టుకోకండి. నిన్న ఫోన్లో మెకానిక్ చెప్పిందంతా విన్నాను. ఇందాక ఆరింటికి పాలప్యాకెట్ల కోసం కిందికి వెళ్ళినప్పుడు, ఆ ఎర్ర బటన్ నేను నొక్కేసి వచ్చాలెండి."