ఎర్రయ్య వేసిన సీలు

రైల్వే ఆసుపత్రిలో నెలలు నిండని పిల్లల గదిలో నర్సులు తల్లిపాలలో నీళ్లు కలుపుతారన్నది ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో అందరికీ తెలిసిన సంగతి. దానికి సాక్ష్యం కూడా ఉన్నది. నర్సు బల్ల మీద గోరువెచ్చని నీళ్ల గిన్నె ఉంటుంది. అందులో పాలసీసా ఉంటుంది. కాసేపటికి నర్సు ఆ సీసాను పైకి తీసి గుండ్రంగా తిప్పుతుంది. ఇంతకంటే ఏం కావాలి?

ఆ ఉదయం ఎర్రయ్య ఆ గది గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. నర్సు ఏంజలిన్ అప్పుడే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను వేలెత్తి చూపించాడు.

"ఏటమ్మా ఇది? పైన మీగడ, కింద నీలంగా నీళ్లు! నిన్న నా కోడలు పాలిచ్చినాదా, నీళ్లిచ్చినాదా?"

"పాలే తాతగారూ. కదలకుండా ఉంచితే అలా విడతాయి. గోరువెచ్చని నీళ్లలో పెట్టి మెల్లగా తిప్పితే మళ్లీ కలిసిపోతాయి."

"నానూ అదే అంటన్నాను! నీళ్లలో పెట్టి తిప్పుతారనే!"

వరండా బల్లల మీద కూర్చున్నవారు నవ్వారు. ఏంజలిన్ కూడా నవ్వింది గాని, సీసాను మాత్రం చేతిలోంచి వదలలేదు.

లోపల గాజు పెట్టెలో ఎర్రయ్య మనవరాలు పడుకుని ఉంది. చప్పరించే శక్తి ఇంకా రాలేదు కనుక ముక్కులోంచి పొట్టలోకి సన్నని గొట్టం వేశారు. పాలు పట్టే వేళ అయింది. పెట్టె పక్కన తల్లి ప్రశాంతి లేచి నిలబడింది.

"మావయ్యా, పాపకి వేళయిపోతోంది. ముందు పట్టనియ్యండి."

"పట్టొద్దన్నానేటి? నీళ్లపాలు వద్దన్నాను. ఈ పూట నుంచి డబ్బాపాలు పట్టమను."

"ఆ మాట అనకండి," అంది ఏంజలిన్. "పాప పేగులు ఇంకా లేతవి. అమ్మపాలు ఇమిడినట్టు డబ్బాపాలు ఇమడవు. నేను సీసాను తిప్పేదీ అందుకే. తిప్పకపోతే మీగడ సిరంజికి, గొట్టానికి అంటుకుని ఉండిపోతుంది. పాపకి కింది పలచనివే చేరతాయి, బరువు పెరగదు."

ఎర్రయ్య భార్య నూకాలమ్మ ముందుకొచ్చింది. "మా క్వార్టర్ల లైనంతా సెప్తన్నారు కదమ్మా. అందరూ అబద్ధమాడతారేటి?"

"అందరూ చూశారా అమ్మమ్మా?"

"అందరూ ఇన్నారు."

ఎర్రయ్య చేయెత్తి భార్యను ఆపాడు. గూడ్స్ గార్డుగా రిటైరైన మనిషి. మాటల మీద అతనికి నమ్మకం తక్కువ, సీలు మీద ఎక్కువ. సీలు తెగని వేగన్‌లో సరుకు మారదన్నది అతని మతం. సంచీలోంచి ఐసుపెట్టె తీసి మూత తెరిచాడు. అందులో ఖాకీ గుడ్డ చుట్టిన సీసా ఒకటి నిటారుగా నిలబడి ఉంది. గుడ్డ మీద పురికొస బిగించి, ముడి మీద లక్క పోసి, తన ఉంగరంతో నిన్ననే ముద్ర వేశాడు.

"మా ఇంట్లో పాలు నిలవుంచడం ఎప్పుడూ లేదు. పిండిన ఎంటనే నీకు తెచ్చి ఇచ్చీవోణ్ణి. నిన్న మాత్రం ఒక సీసా నీకిచ్చినాను, దాని జోడు నా ఫ్రిజ్‌లో పెట్టినాను. అయే పాలు, అదే పూట. నా కోడలు మూత బిగించింది, నాను సీలేసినాను. కుదిపీసినావని నువ్వు అనకుండా సైకిలు కూడా ఎక్కలేదు, సేత్తో పట్టుకుని నడిసొచ్చినాను. అసలైన పాలు ఎలాగుంటాయో ఇప్పుడు అందరూ సూస్తారు."

ప్రశాంతి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆ సీసా నిండడానికి నాకెంత కష్టమైందో మీకేటి తెలుసు మావయ్యా? పాప తాగాల్సిన పాలవి."

"గుడ్డా లక్కా చుట్టిన సీసాను ఇక్కడ పాపకి వాడం ప్రశాంతీ," అంది ఏంజలిన్ మెల్లగా. "కాని ఈ పూట దానికి వేరే పని ఉంది." తన చేతిలోని సీసాను గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పెట్టి, ఎర్రయ్య వైపు తిరిగింది. "తాతగారూ, మీ సీసాలో పాలు పైనుంచి కిందదాకా ఒకేలా ఉంటే డబ్బాపాలకు డాక్టరుగారిని నేనే అడుగుతాను. లేదంటే?"

"లేదంటే రేపట్నుంచి నోరెత్తను."

"రేపటిదాకా ఎందుకు? ఈ పూట నుంచే."

"ఠీక్ హై!" అన్నాడు ఎర్రయ్య.

"ముందు సీలు చూసుకోండి. తరువాత నన్ననొద్దు."

ఎర్రయ్య కళ్లద్దాలు సవరించుకుని లక్కను వెలుగులోకి పట్టాడు. ముద్రలోని అక్షరాన్ని గోటితో తడిమాడు. తృప్తిగా తల ఊపి, లక్క పగలకుండా పురికొసను పక్కన కోశాడు. వరండాలో వాళ్లు లేచి గుమ్మం దగ్గర మూగారు. ఖాకీ గుడ్డ ఒక్కొక్క చుట్టూ విడుతూ కిందికి జారింది.

సీసా పైభాగంలో పసుపు మీగడ. కింద నీలంగా పలచని పాలు.

ఎవరూ నవ్వలేదు. ఏంజలిన్ ఆసుపత్రి సీసాను గోరువెచ్చని నీళ్లలోంచి తీసి, మెల్లగా గుండ్రంగా తిప్పుతూ పాప దగ్గరకు వెళ్లింది. ప్రశాంతి ఆమె వెనకే నడిచింది.

నూకాలమ్మ మాత్రం భర్త ముఖంలోకి అనుమానంగా చూసింది.

"ఏటండీ, మనింట్లో నీళ్లెవులు కలిపినారు?"

ఎర్రయ్య లక్కముద్దను మళ్లీ వెలుగులోకి ఎత్తి, ఎక్కడైనా చిన్న బీట ఉంటుందేమోనని అటూ ఇటూ తిప్పి తిప్పి చూశాడు.

సీలు అతనిదే. చెక్కుచెదరలేదు.