మొదట వాళ్ళే అన్నారు

విదేశాంగ మంత్రి ఫోను చూసి పడీ పడీ నవ్వుతున్నాడు.

"మొఖ్తార్ గారూ, చూశారా? మన జవాబుకి మూడు లక్షల లైకులు! లోకమంతా అరచేతిలోకి వచ్చేసింది. ఇంకా తలుపులేసుకుని కాఫీలు తాగడమే దౌత్యమంటే జనం నవ్విపోతారండీ."

రాయబారి మొఖ్తార్ జిలాసీ ఆ జవాబు చదివాడు. పొరుగుదేశపు ఆడవాళ్ళ మీద బూతు జోకు. పక్కనే తన దేశపు అధికార ముద్ర. ముప్ఫై ఏళ్ళు ఆ ముద్ర కింద సంతకాలు చేసిన చెయ్యి కడుక్కోవాలనిపించింది.

పదకొండు మంది జాలర్లు. ఈదురుగాలికి వాళ్ళ పడవ సముద్రంలో సరిహద్దు దాటింది. నలభై రోజులుగా పొరుగుదేశం జైల్లో ఉన్నారు. అందులో ముసలి సాదొక్‌కి చక్కెర జబ్బు. కాలి పుండు నల్లబడుతోంది. మొఖ్తార్, అవతలి దేశపు రాయబారి యూనుస్ కలిసి, తలుపులేసుకుని కాఫీలు తాగుతూనే, గురువారం విడుదలకు అందర్నీ ఒప్పించారు.

బుధవారం పొరుగుదేశం అధికార ఖాతాలో ఒక ముక్క వచ్చింది. "తిండిలేక మన చేపలు దొంగిలించే దేశం." ఇటువాళ్ళు దానికి రెండింతలు తిట్టారు. అటువాళ్ళు నాలుగింతలు. విడుదల ఆగిపోయింది.

మంత్రిత్వ శాఖ గేటు బయట సాదొక్ భార్య మబ్రూకా మొఖ్తార్ కోటు పట్టుకుంది.

"అక్కడ మా ఆయన కాలు కుళ్ళిపోతుంటే, ఇక్కడ మీకు ఎకసెక్కాలా? పెద్దమనుషులట! థూ!"

కోటు మీద పడిన ఉమ్మి అతను తుడుచుకోలేదు.

మంత్రి ఆపమనడు. రాసేవాళ్ళనే బతిమాలాలి. ఖాతాలో జవాబులు రాసే పని దుబాయ్‌లో ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించారు. మొఖ్తార్ యూనుస్‌కి ఫోన్ చేశాడు.

"మావాళ్ళ నోరు నేను మూయిస్తాను. మీవాళ్ళ సంగతి?"

"మా రాతగాళ్ళ కాళ్ళయినా పట్టుకుంటాను. ముందు నీ పని నువ్వు చూసుకోవయ్యా."

మర్నాడే మొఖ్తార్ దుబాయ్‌లో దిగాడు. అద్దాల గదిలో మేనేజరు ఇనాస్ ఖర్జూరాల పళ్ళెం ముందుకు జరిపింది.

"మొదట వాళ్ళే అన్నారు కద సార్."

"అననీ అమ్మా. రెండ్రోజులు మీరు ఊరుకోండి చాలు. ఒక ముసలాడి కాలు దక్కుతుంది."

"మనం ఊరుకున్నా వాళ్ళు ఊరుకోరు సార్. రేపు ఇంకా ఘాటుగా అంటారు, చూడండి. అప్పుడు మనం తేలిపోమూ?" ఆమె ఫోను చేతిలోకి తీసుకుంది. "అన్నట్టు, ఆ కాలి ఫోటో ఏమన్నా దొరుకుతుందా సార్? పుండు దగ్గర్నించి కనపడేలా. బ్రహ్మాండంగా పోతుంది."

మొఖ్తార్ నోట్లో ఉన్న ఖర్జూరం ముక్క రుమాల్లోకి ఉమ్మేసి లేచాడు.

"ఛీ! మనిషివేనా నువ్వు?"

తలుపు విసురుగా తోసుకుని బయటికొచ్చాడు.

అక్కడ సోఫాలో, ఇనాస్ పిలుపు కోసం వరసలో తర్వాతివాడిగా, తన దేశపు రాతగాళ్ళ కాళ్ళు పట్టుకోవడానికి వచ్చిన యూనుస్ కూర్చుని ఉన్నాడు.