నాలుగంటే నాలుగే

"నాలుగంటే నాలుగే చేపలు. ఐదోది కనవడ్డదంటే తొట్టితోని సహా బయట పెడ్త. ఒక్కటి సచ్చినా అంతే!" అన్నది స్రవ్య, చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకొని. "ఇల్లంత నీచు వాసన."

"ఇంక చేపలే రాలె గదనే. ఉత్త నీళ్లకు వాసనేంది?" అని నవ్విండు ఆమె మొగుడు వేణుగోపాల్. అద్దాల తొట్టి కడిగి, నీళ్లు నింపి మూడు దినాలైంది.

"నాకొస్తుంది," అని స్రవ్య పొయ్యి మీది పాలు అత్తకు అప్పజెప్పి లోపలికి పోయింది.

ఆరేండ్ల రశ్మి కండ్లల్ల నీళ్లు తిరిగినయి. పుట్టినరోజుకని వారం దినాలు ఏడ్సి సాధించుకున్న తొట్టి అది. నానమ్మ కొమురమ్మ, కోడలు పోయిన దిక్కే జరసేపు చూసింది. పాలు దించింది. మనుమరాలి చెయ్యి వట్టుకున్నది.

"నడువ్ బిడ్డా. సావని చేపలు తెచ్చుకుందాం."

యాకుత్‌పురా స్టేషన్ కాడి రంగుచేపల దుకాణంల రశ్మి పోంగపోంగనే ఓ చారల చేప ముందల అతుక్కపోయింది. పళ్లెమంత ఉన్నది, వెండి పూసినట్టు మెరుస్తున్నది.

"ఇది, నానమ్మా!"

"నై బేటా, అది నాజూకు చేప," అన్నడు దుకాణం భాయ్. "నీళ్లు జర తేడా వస్తే పండుకుంటది. మొదటిసారి పెంచెటోళ్లకు గప్పీలు, మోలీలు మంచిగుంటయి. గట్టి పానం."

"నీ మాటకేమి గని భాయ్, చిటికెడు మేత ఎయ్యి. నేను జూస్కుంట."

మేత నీళ్లల్ల పడంగనే కొమురమ్మ అద్దానికి ముక్కు ఆనిచ్చింది. ఏది ఉరికొచ్చి తిన్నది, ఏది మూలకు నిలవడ్డది, ఏది రెక్కలు ఇప్పుకొని తిరుగుతున్నది, ఏది ముడుసుకున్నది, ఒక్కొక్కదాన్నే చూసింది. జల్‌పల్లిల ఉన్న తమ పాల కొట్టానికి బర్రెను కొనవోయినప్పుడు గూడ ఆమె గట్లనే నిలవడతది. బేరం మాటెత్తకముందు దాన్ని తిననిచ్చి చూడాలె.

నారింజ రంగుది ఒకటి, నిమ్మకాయ పచ్చది ఒకటి, తోక మీద చుక్కలున్నది ఒకటి. మూడు చేపలు కవర్ల పడ్డయి. నాలుగోదాని కాడ లొల్లి లేసింది. రశ్మి ఎర్రది గావాలన్నది. కొమురమ్మ వేలు మాత్రం బొగ్గులెక్కున్న ఓ లావు మోలీ మీద ఆగింది.

"ఛీ, నల్లగున్నది! పొట్ట జూడు, గుమ్మడికాయ!"

"గదే నాలుగోది."

భాయ్ వంగి కొమురమ్మ చెవిల ఏందో చెప్పిండు.

"నాకెరుకనే. ఎరుక గాబట్టే అడుగుతున్న. గింత నాచు గూడ ఇయ్యి," అన్నదామె.

తొవ్వంత రశ్మి మూతి ముడుసుకొనే నడిచింది. గల్లీ మలుపుల మాత్రం ఆగి అడిగింది. "నాలుగూ నాయే గదా? ఎవ్వరికియ్య!"

"నీయే తల్లీ."

చేపలు తొట్టిల పడ్డకాడికెల్లి రశ్మి కుర్చీ ఏసుకొని కావలి కూసున్నది. మూడోనాడు పక్కింటి నందిని అద్దం మీద వేలు పెట్టింది. రశ్మి ఆ చెయ్యి గుంజి అవతల పారేసింది.

"నా చేపలు! నా ఇల్లు! నా నానమ్మ! పో!"

నందిని ఏడ్సుకుంట పోయింది.

"అన్నీ నీకే గావాలె. ఎవ్వరితోని పంచుకోవుడు రాదు. ఇగ ముందుకు నీతోని ఎట్లనే..." అని స్రవ్య సగంల ఆగింది. ఆమె కండ్లు నిండినయి. గింత దానికి మమ్మీ ఎందుకేడుస్తుందో రశ్మికి సమజ్ గాలె. కొమురమ్మ నల్లచేపకు ఇంకో చిటికెడు మేత ఏసింది.

పదోనాడు తెల్లారంగ రశ్మి కేకకు ఇల్లంత లేసొచ్చింది.

"నానమ్మా! నీళ్లల్ల పురుగులు!"

పురుగులు గావు. నాచు సందుల్ల చీమంత చీమంత నల్లటివి, కండ్లేసుకొని చూస్తున్నయి. ఇరవై దాకా ఉన్నయి. నల్లమోలీ పొట్ట లోపలికి పోయి, సన్నగ తిరుగుతున్నది.

స్రవ్య చున్నీ ముక్కుకు పెట్టుకొనే వంగి చూసింది. "అత్తమ్మా! నాలుగంటే నాలుగే అన్న గదా?"

"నేను తెచ్చింది నాలుగే బిడ్డా. ఇవి ఈడ్నే పుట్టినయి."

వేణుగోపాల్ పక్కున నవ్విండు. "నీకు ముందే ఎరుకా అమ్మా?"

"ముప్పై ఏండ్ల సంది బర్రెలను జూస్తున్న. ఏది చూడిదో నాకు ఒకరు చెప్పాల్నారా?"

రశ్మికి నవ్వు రాలె. ఐదోది కనవడితే తొట్టి బయటికే అన్న మాట ఆ పిల్ల మరువలే. చేతులు సాపి తొట్టికి అడ్డం నిలవడ్డది.

"మమ్మీ, పారేయకు! చిన్నయి గదా, ఎటు వోతయి?"

"పెద్ద చేపలు వీటిని మింగుతయి," అన్నది కొమురమ్మ. "వేరే పెట్టాలె. గిన్నె ఎవరిస్తరు?"

రశ్మి ఉరికింది. పుట్టినరోజుకు వచ్చిన గాజు గిన్నె, వాళ్ల నాయన్ను గూడ ముట్టనియ్యనిది, తెచ్చి నానమ్మ చేతుల పెట్టింది.

"నాది ఇస్త. నందినికి గూడ రెండిస్త. నేనే జూస్కుంట."

"అన్నీ నాకే అని లొల్లి చెయ్యవు గదా?"

"చెయ్య. నేను వీటికి అక్కను."

స్రవ్య నవ్వవోయి ఏడ్సింది. కొమురమ్మ తడి చేతులు కొంగుకు తుడుసుకొని కోడలి దిక్కు మళ్లింది.

"ఇగ ఫికర్ లేదు బిడ్డా, అక్క తయారైంది. ఇప్పుడన్న చెప్పు, నీకెన్నో నెల?"