ఎలా పడాలంటే

"మళ్ళీ పడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

లాకప్ బాత్రూమ్‌లో కానిస్టేబుల్ మళ్ళీ పడ్డాడు. ఉదయం నుంచీ అదే పని. దెబ్బలకు తట్టుకోలేక చచ్చిపోయిన కుర్రవాణ్ణి, కాలుజారి పోయాడని పైకి రాసేశారు. ఎలా జారాడో సాయంత్రం విచారణాధికారి ముందు చేసి చూపించాలి. అప్పటిదాకా ఆ బాత్రూమ్ ప్రభుత్వ రహస్యం. అవసరమొచ్చిన పోలీసులందరూ ఎదురుగా ఉన్న హోటల్‌కి పరిగెడుతున్నారు.

ఎంత పడ్డా మోచేతులు దోక్కుపోవడమే కానీ, తల నేలకు తగలడం లేదు.

"మనిషివా, పిల్లివా? పడటం కూడా చేతకాదేంట్రా నీకు!"

"నేల గరుకు సార్. జారమన్నా జారదు."

"నేల మీదకు నెట్టకు. సాయంత్రం సరిగ్గా పడకపోయావో, వాణ్ణి కొట్టింది నువ్వేనని రాసిపారేస్తా."

కానిస్టేబుల్ లేచి చొక్కా పిండుకున్నాడు. వరండాలో బెంచీ మీద కుర్రవాడి తల్లి కూర్చుని ఉంది. చూసింది చూసినట్టు చెబుతానని పొద్దున్నే ఆమెకు మాటిచ్చాడు. అంత ధైర్యం తనలో ఏ మూలుందోనని అప్పట్నుంచీ వెతుక్కుంటూనే ఉన్నాడు.

"తప్పుకో. ఎలా పడాలో నేను చూపిస్తా," అంటూ ఇన్‌స్పెక్టర్ నీళ్ళ తొట్టి వైపు తిరిగాడు.

మరుక్షణం అతని తల తొట్టి అంచుకు ఠంగుమని తగిలింది. ఇక లేవలేదు.

సాయంత్రం వచ్చిన విచారణాధికారి గడప దాటి లోపలికి అడుగు పెట్టలేదు. గుమ్మం పట్టుకుని తొంగిచూశాడు.

"అమ్మో, ఇద్దర్ని మింగిందయ్యా ఈ నేల! అనవసరంగా మిమ్మల్ని అనుమానించాం."

కేసు కొట్టేశారు. ఇన్‌స్పెక్టర్‌కు పతకం, బాత్రూమ్‌కు తాళం ప్రకటించారు.

తల్లి మాత్రం బెంచీ మీద నుంచి కదల్లేదు. కానిస్టేబుల్ బయటికి రాగానే అతని చెయ్యి పట్టుకుంది.

"వాళ్ళ మాట నాకెందుకు నాయనా, నువ్వు చెప్పు. మావాడు నిజంగా జారే పోయాడా?"

చెయ్యి విడిపించుకోలేక కానిస్టేబుల్ తల దించుకున్నాడు.

"అవునమ్మా. జారే పోయాడు."

ఆ నేల మీద ఎవరూ జారరని నోరు తెరిచి చెబితే, ఇన్‌స్పెక్టర్‌ని వెనకనుంచి తోసిందెవరని అడుగుతారు.