ఐదు నుంచి ఆరు వరకు

పద్మమ్మ రాట్నం తిప్పుతూ కండెకు పట్టు చుడుతుంటే ఇంటి ముందు జీపు ఆగింది. ఎక్సైజ్ సారు దిగాడు. ఒంటి మీద ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు.

"చీర అయిందా పద్మమ్మా?" గడప బయటి నుంచే అడిగాడు.

"ఇంకా గజం మిగిలింది సార్."

"మిగులుడేంది? ఎల్లుండి పొద్దుగాల నా బిడ్డ పీటల మీద కూసోవాలె. గద్వాల చీరనే కడ్తదని చుట్టాలందరికీ చెప్పినం. మాసయ్య ఏడి?"

"యాడుంటడు సార్, బార్ల ఉన్నడు."

సారు లోపలికి వచ్చి మగ్గం వైపు చూశాడు. గుంటలో పక్కపక్కన ఇద్దరు కూర్చునే చోటు. రెండూ ఖాళీ.

"చేతిల పని పెట్టుకొని బార్ల కూసునుడేంది?"

"మునుపు గిట్ల లేకుండె సార్. ఆరు కొట్టంగనే లేచొచ్చేటోడు. మీరే చెడగొట్టిండ్రు."

"నేనా?"

"మీరే."

బస్టాండు పక్క బార్‌లో సాయంత్రం ఐదు నుంచి ఆరు వరకు ఒకటి కొంటే ఒకటి ఉచితం అని బోర్డు ఉండేది. పద్మమ్మ మొగుడు మాసయ్య ఐదింటికి వెళ్లేవాడు, ఆరింటికి లేచేవాడు. ఆరు దాటాక అదే మందుకు రెట్టింపు పెట్టడమంటే ఆయనకు ఒంట్లోంచి నెత్తురు తీసినట్టుండేది. ఇంటికొచ్చి, నాలుగు ముద్దలు తిని మగ్గంలో దిగాడంటే పడుకునే దాకా పోగును అటూ ఇటూ నడిపే నాడె ఆగేది కాదు. పోయిన వారం సారు వెళ్లి, మందు ఉచితంగా ఇవ్వడం, గంటకో ధర పెట్టడం నిబంధనలు ఒప్పవని చెప్పి ఆ బోర్డు పీకించి జీపులో వేసుకున్నాడు. అది ఇంకా జీపులోనే వెనక పడి ఉంది.

"ఇప్పుడు అన్ని గంటలు ఒక్కతీరే అయినయి," అంది పద్మమ్మ. "ఎప్పుడు లేవాల్నో మా ఆయనకు తెలుస్తలేదు."

"జనం ఎక్కువ తాగుతరనే గద సర్కారు వద్దన్నది!"

"మంచిగనే అన్నది సార్. కూసున్నోణ్ణి లేపే రూలు గూడ ఒకటి పెట్టమనుండ్రి."

సారు సెల్‌ఫోన్ తీసి బార్ ఓనరుకు కలిపాడు. "తిరుపతయ్యా, మాసయ్యను జర లేపి ఇంటికి తోలు."

"ఏ రూలు కింద లేపాలె సార్?" తిరుపతయ్య గొంతు పద్మమ్మకు కూడా వినబడింది.

"రూలేంది? లేపు!"

"రాత్రి దాంక అమ్ముకొమ్మని లైసెన్సు ఇచ్చింది మీరే. గిరాకిని నడిమిట్ల లేపితే రేపు దానికి గూడ మీరే వస్తరు. మీ టోపీ నా ముంగట నిలబడి ఏం చెప్తే గది చేస్త సార్. ఫోన్ల మాటలకు చెయ్య."

"అరే, పోనీ ఈ రెండు రోజులు ఆ బోర్డు..." అనబోయి సారు నాలుక కరుచుకున్నాడు.

ఇంతలో ఫోన్‌లో మాసయ్య గొంతు దూరంగా వినబడింది. "సారు మా ఇంట్ల ఉన్నడా? ఆడగూడ ఏమన్న పీకుతుండా ఏంది?"

సారు ఫోన్ ఆపేశాడు. యూనిఫారం వేసుకుని బార్‌లోకి వెళ్లి తాగినవాణ్ణి చేయి పట్టుకుని నడిపించుకొస్తే చూసేవాళ్లు ఏమనుకుంటారు?

"నువ్వొక్కదానివే నేయరాదా?"

"అంచు పట్టు, నడుమ నూలు సార్. రెండు కలిసే కాడ అటొకరు ఇటొకరు ఉండాలె. నాకేమన్న నాలుగు చేతులున్నయా?"

సారు గోడ వైపు తిరిగాడు. టోపీ తీసి మేకుకు తగిలించాడు. బెల్టు వదులు చేసుకుని మగ్గం గుంటలోకి దిగాడు.

పద్మమ్మ నవ్వు ఆపుకుంటూ పక్కన కూర్చుంది. "నేను ఇసిరిన నాడె అందుకోవాలె. పట్టును నూలుకు మెలేయాలె. మళ్ల నా దిక్కు ఇసరాలె. గంతే."

మొదటి నాడె సారు మోకాలికి తగిలింది. రెండోది గుంటలో పడింది.

"నిమ్మళం సార్. గంత గట్టిగ పట్టేతందుకు గది మీరు దొరకబట్టిన సీసా కాదు."

పది తప్పులయ్యాక చెయ్యి కుదిరింది. బట్ట వేలెడు పెరిగింది. "అరె, వస్తుంది గద!" అంటూ సారు చిన్నపిల్లాడిలా నవ్వాడు.

అప్పుడే గడపలో మాసయ్య కనబడ్డాడు. పెద్దగా ఊగడం లేదు. పద్మమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఇక ఆయన కూర్చుంటే చీర తెల్లారేలోగా మగ్గం దిగుతుంది.

"వచ్చినవా? దిగు మరి. నీ పని నువ్వు చేస్తే, సారు పని సారు చేసుకుంటడు."

మాసయ్య దగ్గరికి వచ్చాడు. తన చోట కూర్చున్న ఖాకీ బట్టలను కింది నుంచి పైదాకా చూశాడు. వంగి, కొత్తగా నేసిన వేలెడు బట్ట మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. ఎక్కడా పోగు తప్పలేదు. పరవాలేదన్నట్టు తలూపాడు. తర్వాత మేకు దగ్గరికి వెళ్లి, టోపీ తీసి, దుమ్ము దులిపి నెత్తిన పెట్టుకున్నాడు.

"ఏయ్ మాసయ్యా, ఏందది!" సారు లేవబోయాడు.

"లేవకుండ్రి సార్! గిప్పుడు లేస్తే పట్టంత తెగుతది," అంటూ పద్మమ్మ గబుక్కున నాడె విసిరింది.

సారు నాడె అందుకుని, రెండు చేతులా పోగులు పట్టుకుని గుంటలోనే ఉండిపోయాడు. మాసయ్య గడప దాటి, జీపు వెనక నుంచి బోర్డు దించి చంకన పెట్టుకుని బస్టాండు వైపు నడిచాడు.